నాయన చేసిన లంగరు

మా ఆడబిడ్డ కొడుకు సునీల్ బెంగళూరులో ఉంటాడు. మొన్న హిందూపురం వచ్చినవాడు చెప్పులు విడవకముందే "అత్తా, పడవ కొన్నా" అన్నాడు. నలుగురు కూర్చునే చిన్న పడవ, ఊరవతల ఏదో జలాశయంలో ఆదివారాలు షికారు కొట్టడానికి. పడవ వచ్చేసింది, ఇక లంగరు కొనాలి. ఏది కొనాలో తేల్చుకోలేక ఫోన్లో ఒక్కొక్క బొమ్మా మాకు చూపించాడు. బోర్లించిన గొడుగులాంటిది ఒకటి, ముడుచుకునే కొక్కేలది ఒకటి, రెండు రెక్కలది ఒకటి, దుక్కి దున్నే మడక కర్రులాంటిది ఒకటి. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని, అన్నిటికన్నా బరువైనది తీసుకోరా, ఇంకేం ఆలోచించొద్దు అన్నాడు. నేను ఊరుకుని ఉండాల్సింది. "అడుగున బురదా, రాళ్ళా? తాడు ఎంత పొడుగు కడతాండావు?" అని అడిగాను. మామా అల్లుడూ నా వైపు చూసి పడీ పడీ నవ్వారు. కుళాయి నీళ్ళకే దిక్కులేని ఊళ్ళో ఉండి నీకీ లంగర్ల సంగతి ఎట్లా తెలుసత్తా అన్నాడు వాడు. పాలు పొంగుతాయేమో చూస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలు లేవు. నా మొహం మాత్రం భగభగా మండిపోతోంది. ఇంత వయసొచ్చాక ఇంకా ఏం సిగ్గే నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

అప్పట్లో మేం ధర్మవరంలో ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదువుతున్న రోజులు. వీధి వీధంతా మగ్గాల చప్పుడు, మా ఇంట్లో మాత్రం సుత్తి చప్పుడు. ముందరి గదిలోనే నాయన వెల్డింగ్ షాపు. కిటికీ ఊచలు, గేట్లు, మగ్గాలకు కావలసిన ఇనుప పనులూ చేసేవాడు. కాలిన ఇనుము వాసన మా అన్నంలో కూడా ఉండేదని అమ్మ సణుగుతుండేది. నాయన చొక్కాలన్నిటికీ నిప్పురవ్వలు పడి జల్లెడలా చిల్లులు. ఆయనకు ఒక వస్తువు మనసులో పడిందంటే చెయ్యకుండా నిద్రపట్టేది కాదు, చేశాక దాన్ని నలుగురికీ చూపించకుండా ముద్ద దిగేది కాదు. ఇంట్లో పెత్తనం మాత్రం ఆయనది కాదు, ఆయన తల్లిది. మా అవ్వ నాగమ్మ రవికె తొడిగేది కాదు, పావడ మీద నూలు చీర చుట్టుకుని కొంగు బిగించి దోపుకునేది. ఆమె గొంతు వింటే పక్క వీధిలో కుక్కలు కూడా లేచి వెళ్ళిపోయేవి.

వీధికంతా ఒకటే బావి. గిలక అందరిదీ, చేంతాడు మాత్రం ఎవరిది వారిదే. పొద్దున్నే బిందె చంకన, చేంతాడు భుజాన వేసుకుని ఆడవాళ్ళంతా బావి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. తెచ్చిన తాడును గోడకున్న కొయ్యకు తగిలించి ఆరబెట్టాలి. తడిసిన నార వాసన, అవ్వ ఆకువక్క వాసన, సంగటి ఉడుకుతున్న వాసన కలిస్తే మా ఇల్లు. ఎండాకాలం ముదిరేకొద్దీ బావిలో నీళ్ళు కిందికి పోయేవి. అవ్వ చేంతాడుకు ఒక మూర అతుకు వేసేది. వానలు పడి నీళ్ళు పైకొస్తే ఆ అతుకు విప్పి చుట్ట చుట్టి దాచేది. తాడు నీళ్ళదాకా అందాలి, అంతకు మించి జానెడు కూడా ఉండకూడదు. ఎక్కువుంటే గిలకలో చిక్కుకుంటుంది, కాళ్ళకు చుట్టుకుంటుంది, పైగా ఆ ఇల్లాలికి పని చేతకాదని నలుగురూ అనుకుంటారు. ఎవరి తాడైనా నేల మీద పారాడుతుంటే అవ్వ ఊరుకునేది కాదు. "సూడు, తాడు యాడిదాకా దేకుతాండాదో! ఈమెకు ఇల్లు యాడ పట్టిందిలే" అనేది, ఆమె వింటుండగానే. అట్లా పెరిగినవాళ్ళం మేం. తాడంటే మాకు కొలిచి కట్టుకునేది.

ఆ యేడు ధర్మవరం చెరువు నిండింది. నాకు ఊహ తెలిశాక ఆ చెరువును నిండుగా చూసింది లేదు. చెరువంటే అప్పటిదాకా నాకు సర్కారు తుమ్మ చెట్లు, వాటి మధ్య మేసే గొర్రెలు, ఎండి నెర్రెలు విచ్చిన నల్లమట్టి. అలాంటిది తుమ్మ చెట్లు మునిగిపోయి, నీళ్ళు కట్టనంటి, ఎక్కువైనవి పొర్లిపోయే మరవ దగ్గర తెల్లగా దూకుతుంటే ఊరు ఊరంతా కట్ట మీదికి వచ్చింది. మేకపోతులు తెగాయి, గంగపూజలు జరిగాయి, బజ్జీల బండ్లు వెలిశాయి. చూడ్డానికి వచ్చిన వాళ్ళలో ఈత వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కడ నేర్చుకుంటాం మేం ఈత? నాయన నీళ్ళను చూసి ఇంటికొచ్చి సుద్దముక్కతో నేల మీద ఏవో గీతలు గీస్తూ కూర్చున్నాడు. అవ్వ అమ్మతో "వీనికేదో పట్టుకున్న్యాది సూడు" అంది. మర్నాడే పాత డ్రమ్ములు కోసి, రేకులు అతికి, తారు పూసి పడవ మొదలుపెట్టాడు. గేట్లకు వేయగా మిగిలిన ఎర్రరంగు వేశాడు. అది తేలింది. తేలినప్పుడు కట్ట మీద జనం వేసిన ఈలలకు నాయన మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. పొడుగాటి వెదురుగడతో తోసుకుంటూ వారమంతా ఊళ్ళో మగవాళ్ళను తిప్పాడు.

అయితే ఒక చిక్కు. పడవ ఎక్కినవాళ్ళు చెరువులో కాసేపు ఆగి, చెనక్కాయలు ఒలుచుకు తింటూ కూర్చోవాలంటారు. పడవేమో నిలవదు. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. లంగరు కావాలన్నాడు నాయన. ఆయన లంగరును సినిమాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. మొదట ఆయన కళ్ళు పెరట్లో రుబ్బురోటి మీద పడ్డాయి. అవ్వ రోటికి అడ్డంగా నిలబడింది. "పసుపు కుంకుమ పెట్టిన రోలురా ఇది. నీళ్ళలో యేస్తే గంగమ్మకు ఇచ్చినట్టే. ఇచ్చినదాన్ని మల్లా తాడేసి పైకి గుంజుకుంటావా? ఆమె ఊరుకుంటుందా?" దాంతో రోలు బతికింది. తర్వాత పాతాళగరిగె సంగతి తట్టింది. బావిలో బిందె పడిపోతే తీసే కొక్కేల గుత్తి అది. దాన్ని చూసి ఇంకా పెద్దది ఒకటి చేశాడు. అది నీళ్ళలో మునిగిన తుమ్మ మోటును పట్టుకుంది, ఎంత లాగినా వదల్లేదు. తాడు కోసేసి వచ్చాడు. రెండోది చేస్తే దానికీ అదే గతి పట్టింది. మూడోసారి పెనుకొండ దగ్గర మా సొంతూరికి పోయి, చిన్నాయన కొట్టంలో తుప్పు పట్టి పడివున్న మడక కర్రులు రెండు గోనెసంచిలో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. వాటిని కలిపి అతికి, నడుమ కదిలేట్టు ఒక మడత పెట్టి, పొడుగాటి ఇనుప కాడ తగిలించాడు. వీధిలో బురద చేసి, టీవీఎస్ బండికి కట్టి లాగితే అది ముక్కు నేలలోకి దూర్చుకుని దున్నుకుంటూ దిగింది, బండి కదల్లేదు. వీధంతా చప్పట్లు కొట్టింది. సునీల్ ఫోన్లో చూసిన నాలుగో బొమ్మ అచ్చం అదే. మా నాయన తన తెలివితోనే సరైన లంగరు చేశాడు.

తప్పు లంగరుది కాదు, తాడుది. నాయన దారానికి రాయి కట్టి చెరువు లోతు చూశాడు. ఆ లోతుకు సరిపడా తాడు కొలిచి, పైన పడవకు కట్టుకోవడానికి ఇంత వదిలి కోసేశాడు. చక్కగా, పొందికగా, బావికి చేంతాడు కట్టినట్టు. అవ్వ చూసి బాగుందంది. నేను కూడా ఆ బావిలో నీళ్ళు తోడినదాన్నే కాబట్టి నాకూ సబబుగానే తోచింది. లంగరు తాడు లోతుకు ఎన్నో రెట్లు ఉండాలనీ, అది అడుగున ఏటవాలుగా పడి లాగితేనే కర్రు మట్టిలోకి దిగుతుందనీ, పొట్టి తాడైతే అల లేచినప్పుడల్లా కర్రును పైకి పీకేస్తుందనీ మాకు చెప్పినవాళ్ళు లేరు. గాలి లేని రోజుల్లో అది బాగానే నిలిచింది కూడా.

మగవాళ్ళంతా తిరిగాక అవ్వ నిలదీసింది. "మేము మనుసులం గాదా? మాకు సూడాలని ఉండదా?" ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళ వంతు. అవ్వ, అమ్మ, నేను, చర్చి నుంచి నేరుగా తెల్లచీరలోనే వచ్చిన పక్కింటి మరియమ్మక్క. అమ్మ తన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. పట్టు నేసే ఊళ్ళో ఉన్నా ఆమెకున్న పట్టుచీర అదొక్కటే. పడవెక్కేదానికి పట్టుచీరేంటికి అని నాయన నవ్వితే, "మల్లా ఎప్పుడు నిండుతాదో ఈ చెరువు" అంది. చిత్రాన్నం, బజ్జీలు మూటగట్టుకున్నాం. నాయన కూడా ఎక్కాడు గానీ ఆయన బరువుకు పడవ అంచు నీళ్ళకు తగిలేట్టు వచ్చింది. అవ్వ దిగమంది. గడ నేను తోస్తానన్నాను, వారమంతా సాయంత్రాలు ఒడ్డు పక్కనే నాయన గడ చేతికిస్తే తోసి అలవాటైంది. కొంచెం దూరం పోయి లంగరు వేసుకుని తిని వచ్చేయండి అని నాయన కట్ట మీదే ఉండిపోయాడు. కట్ట నిండా జనం. మా కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళు చూస్తున్నారని నేను గడను కాస్త ఒయ్యారంగానే తోశాను.

తింటుండగా గాలి లేచింది. మొదట చల్లగా హాయిగా ఉంది. తర్వాత చెరువంతా గరుకుగా మారింది. మరియమ్మక్క "మనం కదులుతాండాము కదా?" అంది. చూస్తే కట్ట మీది బజ్జీల బండి వెనక్కి పోయింది, మరవ హోరు దగ్గరైంది. మరవ మీద నుంచి నీళ్ళు కింద బండల్లోకి దూకుతున్నాయి. పడవ అటే పోతోంది. గడ వేస్తే అడుగు అందలేదు. తాడు పట్టుకుని చూస్తే కర్రు అడుగున తగులుతూ లేస్తూ ఎగిరెగిరి వస్తోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అవ్వ మాత్రం తాడునే చూస్తోంది. బావిలో చేద నీళ్ళకు అందనప్పుడు చూసే చూపు అది.

"అడుక్కు తగల్లే. తాడు చాల్లేదు" అంది.

"ఇంగ తాడు యాడుండాదత్తా?" అంది అమ్మ.

అవ్వ చెయ్యి కొంగు మీదికి పోయింది. మరియమ్మక్క అదిరిపడింది. "అవ్వా, కట్ట మింద మగోళ్ళుండారు!"

"ఉండనీలే. సచ్చినాంక నీళ్ళు పోసేటప్పుడు సూడరా ఏమి?" అంటూనే అవ్వ చీర విప్పేసింది. దాన్ని మడిచి మెలితిప్పి, చేంతాడుకు అతుకు వేసే ముడే వేసి, తాడు చివర కట్టి వదిలింది. అవ్వ ఒంటి మీద పావడ ఒకటే మిగిలింది. ఊరంతటి ఎదుట, ఎర్రటి పడవలో, మా అవ్వ. నా చున్నీ తీసి ఆమె మీద కప్పబోతే గాలికి నిలవలేదు. భయం ఎంత ఉందో సిగ్గూ అంతే ఉంది నాకు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన సిగ్గే ఎక్కువ. నా ఒంటి మీద బట్టలు అలాగే ఉన్నాయి, కానీ నన్నే విప్పి నిలబెట్టినట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

అప్పుడు కట్ట మీద నుంచి నాయన కేక వినిపించింది. "తిరుక్కోండప్పా! మీకు దండం పెడతా, అందరూ ఆ పక్కకు తిరుక్కోండి!" తెల్లచొక్కాల వరుస ఒక్కొక్కటే తిరిగింది. పంచెలు, లుంగీలు, ప్యాంట్లు, అన్నీ వీపులే. చివరికి నాయన కూడా తిరిగాడు. చిల్లుల ఖాకీ చొక్కా, నెత్తి మీద రెండు చేతులు. ఆ వీపును నేను ఎంత దూరం నుంచైనా పోల్చుకోగలను.

పడవ ఇంకా జారుతూనే ఉంది. అవ్వ అమ్మ వైపు చూసింది. అమ్మ పడవ అడుగున చతికిలబడి, కూర్చున్న చోటే కుచ్చిళ్ళు లాగి, పట్టుచీర విప్పి ఇచ్చింది. రవికె, పావడతో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని తల దించుకుంది. మరియమ్మక్క తన తెల్లచీర కొంగు చాచి అమ్మకు అడ్డంగా పట్టుకుంది. అవ్వా నేనూ కలిసి ఆ చీర అతుకు వేసి వదిలాం. జరీ అంచు నీళ్ళలోకి పోతుంటే ఒకసారి మెరిసింది. అప్పుడు ఏదో పట్టుకున్నట్టు పడవ జర్రున గుంజింది, ముక్కు గాలికెదురు తిరిగింది, ఆగింది. అడుగున కర్రు మట్టిలోకి దిగిపోయింది. మరవ మీది నీళ్ళు ఎక్కడ ఒంపు తిరిగి కిందికి దూకుతున్నాయో మాకు స్పష్టంగా కనబడుతోంది.

బతికాం. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ మా వైపు చూడటం లేదు. "ఏమప్పా, ఎవురన్నా రాండి!" అని అమ్మ అరిచింది. గాలి మా మాటల్ని మరవ వైపు ఎత్తుకుపోయింది. కట్ట మీద ఊరంతా మర్యాదగా అటు తిరిగి నిలబడి ఉంది. మేం మునిగినా వాళ్ళకు తెలిసేది కాదు. నాయన మధ్యలో కూలబడ్డాడు, అయినా వెనక్కి చూడలేదు. చివరికి మరవ దగ్గర బట్టలుతుక్కుంటున్న ఆడవాళ్ళు మా కేకలు విని, పరుగున పోయి కట్ట మీద చెప్పారు. ట్రాక్టర్ ట్యూబు మీద ఇద్దరు మగపిల్లలు పొడుగాటి మోకు, బట్టల మూట తెచ్చారు. వాళ్ళకు ఏం చెప్పి పంపారో గానీ మొహాలు అటు తిప్పుకుని వెనక్కి తోసుకుంటూ వచ్చి మా పడవకు ధడాల్న గుద్దుకున్నారు. "సూసి రాండ్రా! మీ మర్యాదతో మమ్మల్ని ముంచుతారు!" అంది అవ్వ. ఆ గండంలోనూ మరియమ్మక్క ఫక్కున నవ్వింది. లంగరు పైకి లాగాలని చూస్తే ససేమిరా రాలేదు. తాడు కోసి వదిలేశారు. అమ్మ పట్టుచీర దాంతోపాటే ఉండిపోయింది.

సాయంత్రం నాయన ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. అవ్వ సంగటి తింటోంది. ఆయన నేల చూస్తూ, అదే తనకు మిగిలిన ఒక్క మంచిమాట అన్నట్టు, "ఒక్కడు గూడా సూళ్ళేదమ్మా. నేను దండం పెట్టి అందర్నీ తిప్పిన" అన్నాడు.

అవ్వ ముద్ద మింగి నీళ్ళు తాగింది. "ఊర్లోవాళ్ళు తిరుక్కున్న్యారు, మంచిదే. నువ్వేంటికి తిరుక్కున్న్యావురా? నేను నీకు అమ్మను గాదా? నువ్వు సూస్తాండాల్సింది, బతికినామో సచ్చినామో." కోపంగా కూడా అనలేదు. ఆ రోజు మొదలు ఏళ్ళ తరబడి ఆయన అవ్వ కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడటం నేను చూడలేదు. పడవను రెండుగా కోసి గొర్రెల నీళ్ళతొట్లు చేసి చెన్నేకొత్తపల్లి మనిషికి ఇచ్చేశాడు.

ఎవరైనా ఎగతాళి చేసుంటే బాగుండేది, తిట్టి పారేసేవాళ్ళం. ఎవరూ ఒక్క మాట అనలేదు. అమ్మ బజారుకు పోతే అంగడిలో మగవాళ్ళు తల దించుకుని సామాను కట్టిచ్చేవారు. ఆ దించుకోవడమే ఆమెకు రోజూ గుర్తుచేసేది. కాలేజీలో నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. ఎవరు తిరిగారు, ఎవరు తిరిగినట్టు నటించి భుజం మీదుగా చూశారు? ప్రతి మొహంలోనూ అదే వెతుక్కునేదాన్ని. డిగ్రీ పరీక్షలు అయిపోగానే హిందూపురంలో పిన్నమ్మ ఇంటికి వచ్చేశాను, బీఎడ్ ఇక్కడే చదివాను, ఇక్కడే పెళ్ళి చేసుకున్నాను. ఈ రోజుకూ ధర్మవరం పోతే కట్ట మీది దారి తప్పించుకునే పోతాను. ఇప్పుడైతే అలాంటిది జరిగితే ఒక్కడు తిరగడు. వంద ఫోన్లు లేస్తాయి, మేం ఒడ్డు చేరకముందే మా అవ్వ ఊరూరా తిరుగుతుంటుంది. అది తలుచుకుంటే ఆ వీపుల మీద గౌరవం పుడుతుంది. కానీ మరవ ఒంపు కళ్ళముందుకు వస్తే వాటి మీద ఒళ్ళు మండుతుంది. రెంటిలో ఏది మేలో నాకు ఇప్పటికీ తేలలేదు.

కొన్నేళ్ళకు నాయన షాపు ఎత్తేసి, అమ్మనూ అవ్వనూ తీసుకుని హిందూపురమే వచ్చి మా వీధి చివర ఇల్లు తీసుకున్నాడు. అవ్వకు పక్షవాతం వచ్చి ఒక వైపు పడిపోయింది. ఆమెను చూసుకోవడం నాదీ అమ్మదీ వంతు అనుకున్నాం. ఒక పొద్దున వెళ్ళేసరికి స్నానాలగదిలో మాటలు వినబడ్డాయి. తలుపు తీసి చూస్తే అవ్వను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి నాయన నీళ్ళు పోస్తున్నాడు. అవ్వ ఒంటి మీద నూలుపోగు లేదు. నాయన ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె మొహంలోకే చూస్తూ, చిన్నపిల్లకు చెప్పినట్టు ఏదో చెబుతూ భుజాలు రుద్దుతున్నాడు. నేను గబుక్కున తల తిప్పుకుని వెనక్కి తగ్గాను.

"తిరుక్కోవద్దు పాపా" అన్నాడు నాయన. "ఆ సెంబు ఇట్ల అందియ్యి."